కటౌట్ చందా, సెమిస్టర్ పరీక్షలు, నాన్న కోపం: అభిమానం వదిలెయ్యాలా?

తమ్ముడూ, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. నరసరావుపేటలో బీటెక్ రెండో ఏడాది, 19 ఏళ్లు. మీ హీరో సినిమా ఇంకో రెండు వారాల్లో వస్తోంది. గ్రూపులో 12 మంది కలిసి థియేటర్ సెంటర్‌లో 30 అడుగుల కటౌట్ పెడదామనుకున్నారు, తలకి 3,000 వేశారు. రాత్రిపూట దాన్ని లేపే పని నీకూ ఇంకో ముగ్గురికీ అప్పజెప్పారు. నీ దగ్గర డబ్బు లేదు, ఫోన్ యాప్‌లో అప్పు తీసుకుందామనుకుంటున్నావు. సినిమా వచ్చిన నాలుగో రోజు నుంచి సెమిస్టర్. నాన్నకి తెలిసి, ఈ సినిమా పిచ్చి మానకపోతే చదువు మాన్పించి మిల్లుకి తీసుకెళ్తానన్నారు. "అన్నా, అభిమానం వదిలెయ్యాలా? గ్రూపులో ఏం చెప్పాలి?" అని అడిగావు.

వదలక్కర్లేదు. కానీ ఆ కటౌట్ లేపే పనికి నువ్వు వెళ్ళొద్దు, అప్పు చేసి చందా ఇవ్వొద్దు. ఈ రెండిటి మీద బేరం లేదు. మిగతాదంతా కాస్త ఆలోచిస్తే సర్దుకుపోతుంది.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, నేను రెండు వైపులా ఉన్నవాణ్ణి. తెనాలిలో 1999 నుంచి 2011 దాకా మా హీరో టౌన్ అభిమాన సంఘంలో పనిచేశాను, చివరి ఐదేళ్లు ప్రెసిడెంట్‌ని. అప్పట్నుంచీ ఎలక్ట్రికల్ కాంట్రాక్టు పనులు చేస్తున్నాను. మా హీరో ఎవరో ఇక్కడ రాయను. పేరు రాస్తే కింద చర్చంతా అటే పోతుంది, నీ సంగతి ఎవరికీ పట్టదు.

ముందు కటౌట్ సంగతి.

2020 సెప్టెంబర్ 1 రాత్రి కుప్పం దగ్గర శాంతిపురంలో హీరో పుట్టినరోజుకి బ్యానర్ కడుతూ ముగ్గురు కుర్రాళ్ళు కరెంటు షాక్‌తో చనిపోయారు. 2023 జులైలో మీ నరసరావుపేట మండలంలోనే, ఇంకో హీరో పుట్టినరోజు ఫ్లెక్సీ కడుతూ ఇద్దరు విద్యార్థులు పోయారు. ఆ వార్త మీ కాలేజీలో అందరికీ తెలిసే ఉంటుంది. 2024 జనవరిలో కర్ణాటక గదగ్ జిల్లాలో మళ్ళీ ముగ్గురు. హీరోలు వేరు, ఊళ్ళు వేరు, భాషలు కూడా వేరు. చావు మాత్రం ఒకేలా వచ్చింది: ఎత్తయిన ఫ్రేము, పైన కరెంటు తీగ.

ఒక్కొక్కసారి ఇద్దరు ముగ్గురు ఎందుకు పోతున్నారో అర్థం చేసుకో. మన ఊళ్ళలో వీధి వెంట ఉండే 11 కేవీ (11,000 వోల్టుల) లైన్లు చాలావరకు 8 మీటర్ల, 9 మీటర్ల స్తంభాల మీద ఉంటాయి. 8 మీటర్ల స్తంభమైతే భూమిలో ఐదడుగులు పోగా తీగ ఇరవై, ఇరవై ఒక్క అడుగుల ఎత్తులో ఉంటుంది. రోడ్డు దాటే చోట కనీసం 6.1 మీటర్లు, అంటే 20 అడుగులు ఉండాలని నిబంధన. ఇప్పుడు మీ కటౌట్ ఎత్తు చూడు. 30 అడుగులు. నేల మీద పడుకోబెట్టి బిగించి, కింద నలుగురు పట్టుకుని ఒక్కసారిగా పైకి లేపుతారు. లేచేటప్పుడు దాని తల నిటారుగా ఒక్కచోట పోదు, పెద్ద వంపు తిరుగుతూ పోతుంది. ఆ వంపులో తీగ ఉంటే అయిపోయింది. నలుగురి చేతులూ ఇనప పైపు మీదే ఉంటాయి కాబట్టి నలుగురిలోంచీ ఒకేసారి కరెంటు వెళ్తుంది. కండరాలు బిగుసుకుపోతాయి, వదలాలన్నా చెయ్యి రాదు.

తీగకి తాకక్కర్లేదు. ఇది చాలామంది నమ్మరు. 11,000 వోల్టుల లైన్‌కి బాగా దగ్గరగా ఇనుము వెళ్తే గాలిలోంచే దూకుతుంది. ఇది నేను మొదట చూసింది కూడా సినిమా హాల్లోనే. మా ఊళ్ళో ఒక పాత థియేటర్లో అప్పటికింకా కార్బన్ ప్రొజెక్టర్లు ఉండేవి. రెండు కార్బన్ కడ్డీలని ఒకసారి తాకించి కొంచెం ఎడం చేస్తే మధ్యలో గాలిలోనే కళ్ళు చెదిరే వెలుగు నిలబడేది. ఆ వెలుగుతోనే తెర మీద బొమ్మ పడేది. నేను రీళ్ళు మోయడానికి పైకి వెళ్తూ ఉంటే అక్కడి ఆపరేటర్ గారు నల్లద్దం ఇచ్చి చూపించారు. "చూశావా, ఎడంగా ఉన్నా గాలిలోంచే పోతోంది" అన్నారు. నాకు కరెంటు పని మీద ఆసక్తి పుట్టింది ఆ క్యాబిన్‌లోనే.

ఇంకో సంగతి. మా తొలి రోజుల్లో కటౌట్ అంటే ప్లైవుడ్ మీద ఆర్టిస్టులు రంగులతో గీసింది. బరువు. సరుగుడు బాదులతో సారువ కట్టాలి, దానికి పనివాళ్ళు రావాలి. రెండు పగళ్ళు పట్టేది. మేం పక్కన నిలబడి టీలు అందించేవాళ్ళం. ఫ్లెక్సీ వచ్చాక బరువు పోయింది, ఖర్చు తగ్గింది. సాయంత్రం ప్రింటు ఇస్తే రాత్రికి చేతికొస్తుంది. పనివాళ్ళెందుకు, మనమే లేపేద్దాం అనే ధైర్యం అక్కడే మొదలైంది. రాత్రి పదకొండింటికి, వీధి దీపం వెలుగులో, పైన తీగ కనపడదు. పైగా ఆ గుడ్డ గాలికి తెరచాపలా ఉబ్బుతుంది. నలుగురు పట్టుకున్నా ఆగదు.

2008లో మాకే తప్పింది. ఒక సెంటర్‌లో ఇరవై అడుగుల ఫ్రేము లేపుతుంటే గాలి కొట్టి అది పక్కకి ఒరిగింది. పక్కన ఉన్నది కేబుల్ టీవీ తీగ, అది తెగి కింద పడింది. కరెంటు తీగ దానికి రెండు బారల అవతల ఉంది. ఆ రాత్రి ఇంటికెళ్ళి అన్నం తినలేకపోయాను. అప్పుడు ఫ్రేము పట్టుకున్నవాళ్ళలో ఒకడు ఇంటర్ పిల్లాడు, వాళ్ళమ్మ "నీ మీద నమ్మకంతో పంపిస్తున్నా నాయనా" అని నాతో చెప్పి పంపింది. మరుసటి వారం సంఘంలో తీర్మానం చేశాం: 12 అడుగులు దాటింది ఏదైనా మనం లేపకూడదు.

మీవాళ్ళు కటౌట్ కావాల్సిందే అంటే ఇలా చెయ్యమను. రోడ్డు మీద కాదు, థియేటర్ కాంపౌండ్ లోపల, యజమానిని అడిగి. మున్సిపాలిటీ అనుమతి తీసుకుని. లేపేది టెంట్‌హౌస్ వాళ్ళో, ఫ్లెక్సీ కట్టే పనివాళ్ళో, పగటిపూట. దగ్గర్లో లైన్ ఉంటే ముందు రోజే కరెంటాఫీసుకి వెళ్ళి ఏఈ (అసిస్టెంట్ ఇంజనీర్) గారికి చెబితే లైన్‌మన్ వచ్చి చూస్తాడు, అవసరమైతే ఎల్‌సీ (లైన్ క్లియర్, అంటే లైన్ ఆపే అనుమతి) తీసుకుని సప్లై ఆపుతారు. వెదురు కదా ఏం కాదులే అనుకోవద్దు, తడిసిన వెదురు కూడా చంపుతుంది. ఎప్పుడైనా ఎవరికైనా షాక్ కొట్టడం చూస్తే పరుగెత్తి పట్టుకోవద్దు, దూరంగా నిలబడి 1912కి ఫోన్ చెయ్యి. సబ్‌స్టేషన్‌లో లైన్ దానంతటదే ట్రిప్ అయి ఆగిపోతుందిలే అనుకోవడానికి లేదు. ట్రిప్ అయినా మళ్ళీ కరెంటు వచ్చే వీలుంది.

ఇక డబ్బు.

2001లో డిగ్రీ రెండో ఏడాదిలో ఉండగా నాన్న పరీక్ష ఫీజు కట్టమని ఇచ్చిన డబ్బు తీసుకెళ్ళి కటౌట్ దండకి ఇచ్చాను. చామంతి దండ, తాడుతో పైకి లాగేది. రెండో రోజు సాయంత్రానికి ఎండిపోయింది. ఫీజు గడువు దాటింది. నాలుగు రోజులు ఇంట్లో దాచి, చివరికి అమ్మకి చెప్పాను. అమ్మ చీటీ పాట డబ్బులోంచి తీసి ఫైన్‌తో సహా కట్టించింది. నాన్నకి చెప్పలేదు. ఆ తర్వాత అమ్మ ఆ మాట ఎప్పుడూ ఎత్తలేదు, కానీ ఆ ఏడాది పండక్కి తను చీర కొనుక్కోలేదని నాకు తెలుసు.

అందుకని అప్పట్నుంచీ నాకొక నియమం ఉంది, మా సంఘంలో కుర్రాళ్ళందరికీ అదే చెప్పాను. నీ సొంత జేబులో ఉన్నదాంట్లోంచే అభిమానానికి ఖర్చు పెట్టు. ట్యూషన్ చెప్పి సంపాదించావా, సెలవుల్లో పనిచేశావా, అందులోంచి తీసి టికెట్ కొనుక్కో. ఫీజు డబ్బు, మెస్ డబ్బు, అప్పు డబ్బు వద్దు. ఆ ఫోన్ యాప్‌లు అసలు ముట్టుకోవద్దు. వాటిల్లో చాలావాటికి అనుమతే లేదు. నీ ఫోన్‌లో నంబర్లన్నీ తీసుకుంటారు, ఒక్కరోజు ఆలస్యమైతే మీ నాన్నకీ, మీ లెక్చరర్లకీ ఫోన్లు వెళ్తాయి. ఫొటోలు మార్ఫింగ్ చేసి పంపిన సందర్భాలున్నాయి, అది తట్టుకోలేక ప్రాణాలు తీసుకున్నవాళ్ళున్నారు. 3,000 కోసం అంత దూరం వెళ్ళొద్దు తమ్ముడూ.

డబ్బు లేని అభిమానికి విలువ ఉండదేమో అని నీకు భయం ఉన్నట్టుంది. నీ ప్రశ్నలో నాకు ఎక్కువ కనిపించింది అదే. నేను చూసినవాళ్ళలో మా సంఘంలో అందరూ గౌరవించినవాడు ఒక సైకిల్ షాపు కుర్రాడు. చందా ఎప్పుడూ పది రూపాయలు దాటలేదు. కానీ మా హీరో ఏ సినిమా ఏ ఊళ్ళో ఎన్ని రోజులు ఆడిందో నోట్ బుక్కులో రాసుకునేవాడు. నైజాం (తెలంగాణ), సీడెడ్ (రాయలసీమ), ఉత్తరాంధ్ర, గోదావరి జిల్లాల ఈస్ట్, వెస్ట్, కృష్ణా, గుంటూరు, నెల్లూరు, ఏరియాల వారీగా. పత్రికల్లో వంద రోజుల ప్రకటనలు కత్తిరించి అతికించేవాడు. వాదన వస్తే అందరూ అతని దగ్గరికే వచ్చేవాళ్ళు.

కలెక్షన్ల మాట వచ్చింది కాబట్టి ఒకటి చెప్తాను, నువ్వు ఫోన్‌లో రోజూ దీని గురించే గొడవ పడుతున్నానని రాశావు కదా. పన్నుతో కలిపి 200 రూపాయల టికెట్ అనుకో. 18 శాతం జీఎస్టీ అంటే అందులో దాదాపు 30 రూపాయలు పన్నుకే పోతాయి. మిగిలిన 170లో థియేటర్ అద్దెనో, పర్సంటేజో తీసేశాక డిస్ట్రిబ్యూటర్‌కి మిగిలేది షేర్. పోస్టర్ మీద పెద్ద అక్షరాలతో వేసేది గ్రాస్, అంటే టికెట్ల మొత్తం వసూలు. ఒకడు గ్రాస్ చెబుతాడు, ఇంకొకడు షేర్ చెబుతాడు, ఇద్దరూ తెల్లవార్లూ తిట్టుకుంటారు. ఇది తెలుసుకున్నాక నీకు సగం గొడవల్లోకి దిగాలనే అనిపించదు.

ఫోన్‌లో అవతలి హీరోని ఒక మాట అంటే అన్నావు. వాళ్ళింటి ఆడవాళ్ళ జోలికి, మార్ఫింగ్ ఫొటోల జోలికి వెళ్ళొద్దు, వచ్చినవి ఫార్వర్డ్ కూడా చెయ్యొద్దు. ఐటీ చట్టం 67వ సెక్షన్ కింద అశ్లీల పోస్టుకి మొదటిసారే మూడేళ్ల దాకా జైలు, 5 లక్షల దాకా జరిమానా పడొచ్చు. ఫేక్ అకౌంటే కదా, ఎవరికి తెలుస్తుంది అనుకుంటారు. మా ఊరి కుర్రాడొకడు అలాగే అనుకుని స్టేషన్ చుట్టూ ఏడాది తిరిగాడు. ప్లేస్‌మెంట్లు ఉన్న చదువులో ఉన్నావు, ఒక కేసు చాలు.

అదే ఫోన్‌తో మా మేనల్లుడు వాళ్ళ హీరో వీడియోలు ఎడిట్ చెయ్యడం నేర్చుకున్నాడు. పాట బీట్‌కి షాట్ మార్చడం, రంగులు సరిచెయ్యడం, అన్నీ ఆ పిచ్చితోనే వచ్చాయి. ఇప్పుడు గుంటూరులో పెళ్ళి వీడియోలు ఎడిట్ చేసే స్టూడియోలో పనిచేస్తున్నాడు. రోజుకి ఎన్ని గంటలు అభిమానానికి పెడుతున్నావో లెక్క వేసుకో. అందులో ట్రెండ్ కోసం ఒకే ట్యాగ్ వందసార్లు కొట్టడానికి ఎంత పోతోంది, ఏదైనా కొత్తగా నేర్చుకోవడానికి ఎంత పోతోంది చూసుకో.

రిలీజ్ రోజు, పరీక్షల సంగతి పెద్ద కష్టమేం కాదు. మొదటి రోజు ఒక్క షో చూడు. బెనిఫిట్ షోనే కావాలంటే అదే చూడు, కానీ ఆ ముందు రాత్రి థియేటర్ దగ్గర కాపలా ఉండొద్దు. మిగతా మూడు రోజులూ పుస్తకం. పెద్ద సినిమాలు వాయిదా పడటం మామూలే. నువ్వు ఆ తేదీ నమ్ముకుని చదువు ఆపేసి కూర్చుంటే, అది నెల వెనక్కి జరిగితే ఏం చేస్తావు? వెళ్ళేటప్పుడు చెల్లినో తమ్ముణ్ణో వెంట తీసుకెళ్ళొద్దు. 2024 డిసెంబర్ 4 రాత్రి హైదరాబాద్ ఆర్టీసీ క్రాస్ రోడ్స్‌లో ప్రీమియర్ దగ్గర తొక్కిసలాటలో ఒక తల్లి చనిపోయింది, ఆమె కొడుకు ప్రాణాపాయంలో పడ్డాడు. వాళ్ళు కుటుంబంతో సినిమా చూద్దామని వచ్చినవాళ్ళే. గేటు దగ్గర ఒత్తిడి పెరుగుతోందని అనిపించిన క్షణమే పక్కకి వచ్చెయ్యి. మొదటి పది నిమిషాలు పోతే పోనీ.

ఆ మొదటి రోజు ఆనందం నాకు తెలియనిది కాదు. విజయవాడ గాంధీనగర్‌లో డిస్ట్రిబ్యూటర్ ఆఫీసు నుంచి రీళ్ళ పెట్టెలు వచ్చేవి, మేం బస్టాండు నుంచి థియేటర్ దాకా డప్పులతో ఊరేగించేవాళ్ళం. ఒక్కోసారి రెండు హాళ్ళకి ఒకటే ప్రింటు. ఇక్కడ రెండు రీళ్ళు అవ్వగానే మోపెడ్ మీద పెట్టుకుని అక్కడికి పరుగెత్తాలి. ఆ పని నాకే ఇచ్చేవాళ్ళు. దారిలో రైల్వే గేటు పడితే అక్కడ తెర నల్లగా అయిపోతుంది, హాలంతా ఈలలు, కేకలు. నేను పెట్టెతో మెట్లెక్కుతుంటే జనం చప్పట్లు కొట్టేవాళ్ళు. ఇప్పుడు పెట్టె లేదు, బొమ్మ డిజిటల్‌గా వస్తుంది, దాన్ని తెరిచే కీ (పాస్‌వర్డ్ లాంటిది) వస్తేనే పడుతుంది. అయినా టైటిల్ కార్డు పడేటప్పుడు ఒళ్ళు జలదరించడం మారలేదు. నా 44 ఏళ్ల వయసులో ఇప్పటికీ మొదటి రోజే చూస్తాను. అది నిన్ను వదిలెయ్యమని నేను చెప్పలేను.

కటౌట్ బదులు ఏం చెయ్యాలి అని గ్రూపులో అడుగుతారు. మా అనుభవం చెప్తాను. 1998 అక్టోబర్ 2న చిరంజీవి బ్లడ్ బ్యాంక్ మొదలయ్యాక రాష్ట్రమంతా అభిమాన సంఘాలకి రక్తదానం ఒక దారిగా కనిపించింది, హీరో ఎవరైనా సరే. మేం కూడా హీరో పుట్టినరోజు నాడు క్యాంపు పెట్టేవాళ్ళం. ఒకే రోజు 80 మంది ఇచ్చి, ఫొటో పేపర్‌లో వేయించుకునేవాళ్ళం. మూడో ఏడాది బ్లడ్ బ్యాంక్ మేడం గారు నన్ను కూర్చోబెట్టి చెప్పారు: ఎర్రకణాలు నిల్వ ఉండేది 35 నుంచి 42 రోజులు, ప్లేట్‌లెట్లు ఐదు రోజులే. ఒక్కరోజు 80 యూనిట్లు వచ్చి, తర్వాత మూడు నెలలు ఎవరూ రాకపోతే మాకు కష్టం. కాలేజీలకి సెలవులిచ్చే మే, జూన్ నెలల్లో రక్తం దొరకదు, అప్పుడు రండి అన్నారు. తలసీమియా (పుట్టుకతో వచ్చే రక్తపు జబ్బు) ఉన్న పిల్లలకి రెండు మూడు వారాలకోసారి రక్తం ఎక్కించాలని కూడా ఆవిడ చెబితేనే నాకు తెలిసింది.

అప్పట్నుంచి 80 మందిని నాలుగు జట్లు చేశాం. మగవాళ్ళు 90 రోజులకోసారి, ఆడవాళ్ళు 120 రోజులకోసారి ఇవ్వొచ్చు. 18 నిండాలి, 45 కిలోలు ఉండాలి, హిమోగ్లోబిన్ 12.5 ఉండాలి. ప్రతి వేసవికీ ఒక జట్టు తప్పకుండా ఇచ్చేది. ఫొటోలు రాలేదు, బ్యానర్లు లేవు. కానీ తెనాలిలో ఏ రాత్రి ఎవరికి అవసరమొచ్చినా ఆ హీరో అభిమానులకి ఫోన్ చెయ్యండి అనేవాళ్ళు. మా హీరో పేరు అంత గౌరవంగా ఇంకెక్కడా వినలేదు నేను. మీ 12 మంది తలకి 3,000 వేస్తే 36,000. అంత అక్కర్లేదు. 12 మంది మూడు నెలలకి నలుగురు చొప్పున ఇస్తే చాలు, పైసా ఖర్చు లేదు.

నాన్నతో మాట్లాడేటప్పుడు అభిమానం గురించి వాదించొద్దు. ఆయన భయం నీ సినిమా గురించి కాదు, నువ్వు రాత్రిళ్ళు ఎక్కడుంటున్నావో, ఎవరికి బాకీ పడుతున్నావో అని. "కటౌట్ పనికి వెళ్ళను, డబ్బు ఇవ్వను, ఒక్క షో చూసి వస్తాను, ఫలానా టైంకి ఇంట్లో ఉంటాను" అని నాలుగు ముక్కలు చెప్పు. చెప్పిన టైంకి ఇంటికి రా. వీలైతే రెండో వారంలో ఆయన్నీ, అమ్మనీ తీసుకెళ్ళి అదే సినిమా చూపించు. మా నాన్న నాతో సినిమాకి వచ్చింది ఒక్కసారే, 2006లో. ఇంటర్వెల్‌లో పల్లీలు కొని నా చేతిలో పెట్టి "మీవాడు బాగానే చేశాడ్రా" అన్నారు.

గ్రూపులో ఈ రాత్రే పెట్టు. "నేను అప్పు చేసి ఇవ్వలేను, ఫ్రేము లేపడానికి రాను, మీరూ వెళ్ళొద్దు, పనివాళ్ళతో పగలు కట్టిద్దాం" అని రాయి. ఒకళ్ళిద్దరు పిరికివాడంటారు, అననీ. నీలాగే లోపల భయపడుతున్నవాళ్ళు ఇంకో ఇద్దరైనా ఉంటారు, వాళ్ళు విడిగా మెసేజ్ చేస్తారు చూడు.

వాళ్ళు వినకపోతే రేపు పగలు ఆ సెంటర్‌కి వెళ్ళి, కటౌట్ పెట్టాలనుకున్న చోటు ఫొటో తీసి ఇక్కడ పెట్టు. స్తంభాలు, తీగలు, పక్కన బిల్డింగ్ అన్నీ కనిపించేలా తియ్యి. ఏ తీగ ఏదో, ఎంత దూరంలో ఉందో గుర్తులు పెట్టి ఇస్తాను, అది తీసుకెళ్ళి వాళ్ళకి చూపించు.